మా బావ ఆడలేని బేరం

మా బావతో బజారుకెళ్ళడమంటే సిగ్గు చంపుకోవడమే. కొట్టువాడు ధర చెప్పగానే ముందు నవ్వుతాడు. తర్వాత వస్తువును అటూ ఇటూ తిప్పి, లేని వంకలన్నీ పెడతాడు. చివరికి "పదవే, పోదాం" అని లేస్తాడు. కాళ్ళు వీధివైపు, చెవులు కొట్టువైపు. వాడు పిలిచేదాకా వెనక్కి చూడడు. మా అక్కను చేసుకున్నప్పటి నుంచి మా బంధువుల్లో ఎవరు మంచం కొన్నా, ఫ్రిజ్ కొన్నా పక్కన బావ ఉండాల్సిందే. అందరికీ 'బేరాల బావ'.

చేసేది సోఫాలకు గుడ్డ కుట్టే పని. ఇంటి ముందుగదే కొట్టు. ఆ కుట్టుమిషన్ మీదే ఇల్లంతా గడవాలి.

కొంప ముంచింది ఆ బేరాల పిచ్చే. క్రెడిట్ కార్డు గీస్తే ఇంకో పది శాతం తగ్గుతుందని కొట్టువాళ్ళు చెప్పడం, "నా కార్డు మీద తీసుకోండి, మెల్లగా ఇద్దురుగాని" అని ఈ మహానుభావుడు గీయడం. బంధువులు ఆ డబ్బు చిల్లర చిల్లరగా ఇచ్చారు, ఆ చిల్లర గుడ్డకీ స్పాంజికీ పోయింది. కార్డుకు మాత్రం ప్రతినెలా కనీసం ఎంత కట్టమంటే అంతే కట్టాడు. నెలకు నూటికి మూడున్నర వడ్డీ! కట్టిందంతా వడ్డీకే సరిపోయి అసలు ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మిషన్ కొంటారా అని పక్కవీధి దర్జీని అడిగాడని ఆ దర్జీ భార్య చెబితే నాకు తెలిసింది.

వెళ్ళి నిలదీశాను.

"అక్కకు చెప్పకే, నీకు పుణ్యముంటుంది."

"చెప్పను. బ్యాంకుకు పద, వడ్డీ తగ్గించమని అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు. ఊరందరికీ బేరమాడావు, నీకోసం ఆడుకోలేవా?"

మర్నాడు ఏం చేశాడో తెలుసా? పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

బ్యాంకులో బల్లకు అవతల పాతికేళ్ళ అమ్మాయి. "మీ ఇబ్బందేంటండీ?" అని మర్యాదగానే అడిగింది. బావ కాలుమీద కాలేసుకుని, "ఇబ్బందేం లేదమ్మా. పాత కస్టమర్ని కదా, వడ్డీ కాస్త చూస్తారేమోనని" అన్నాడు. మేకపోతు గాంభీర్యం!

"ఇబ్బంది లేనివాళ్ళకు తగ్గించడం కుదరదండీ."

బావ నవ్వాడు. తర్వాత, చెబితే నమ్మరు, "సరే అయితే, పోదాం పదవే" అని లేచి తలుపుదాకా నడిచాడు. ఆ అమ్మాయి వరుసలో తర్వాతి మనిషిని పిలిచింది.

బావ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ముఖం కందిపోయింది. వెనక్కి లాక్కొచ్చి, "అమ్మా, ఈయన బతుకుతెరువు మిషన్ అమ్ముకోబోతున్నారమ్మా" అన్నాను నేనే.

"కార్డు ఎవరిదో వాళ్ళే చెప్పాలండీ."

వరుసలో వాళ్ళంతా మావైపే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. బావ ఈసారి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"కట్టలేకపోతున్నా తల్లీ. మిషన్ పోతే పొయ్యి వెలగదు. ఇంట్లో ఆవిడకు తెలీదు. ఏదో ఒకటి చూడు తల్లీ."

ఇన్నేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ అమ్మాయి లోపలికెళ్ళి ఎవరినో అడిగి వచ్చింది. కార్డు రద్దు చేస్తామంది. వడ్డీ నూటికి ఒకటికి దించి, ఉన్న బాకీని నెలనెలా కట్టేలా వాయిదాలు చేసింది. మిషన్ అమ్మక్కర్లేదు. వాయిదా ఇంకాస్త తగ్గుతుందేమో అడుగుదామని నేను నోరు తెరవబోతే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి మొదట చెప్పిన అంకెకే సంతకం పెట్టేశాడు.

బయటికొచ్చాక, "చూశావా, మూడున్నర నుంచి ఒకటికి! ఇంత పెద్ద బేరం ఎప్పుడన్నా ఆడావా?" అన్నాను.

"బేరమెక్కడిదే? ఆ పిల్ల జాలిపడింది."

ఆ తర్వాత నా పక్కన నడవలేదు. వెనకాల చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది. తిరిగి చూద్దామనుకున్నాను గానీ, చూస్తే అక్కడే ఆగిపోతాడని ముందుకే నడిచాను.