చిన్న కోడలు పుట్టింటికి వెళ్లిన వారం

చక్రపాణి వంతెనల ఇంజనీరు. టెక్సస్ రాష్ట్ర రహదారుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలు వేసిన వంతెనల మీద జనం రోజూ ఆఫీసులకి వెళ్తుంటారు. వాళ్లలో ఎవరికీ ఆయన పేరు తెలియదు. ఆయన ఉండే కాపెల్ ఊరి తెలుగువాళ్లలో ఆయనకి పేరు వచ్చింది మరో పనివల్ల. శనివారం పొద్దున పార్కులో నడక అయ్యాక, నీళ్ల పక్కనున్న షెడ్డు కింద కూర్చుని, ఆ వారం వాషింగ్టన్‌లో ఏం జరిగిందో తెలుగులో చెబుతాడు.

మొదట్లో ఇద్దరే వినేవారు. పిల్లల దగ్గర ఆరు నెలలు గడపడానికి వచ్చి, పగలంతా ఏం చెయ్యాలో తోచని పెద్దవాళ్లు. తరవాత సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు చేరారు. ఒకరు మడతకుర్చీలు తెస్తారు. ఒకరు ఫ్లాస్కులో కాఫీ తెస్తారు. పెసరట్లు ఎవరు తెస్తారో ఆయనకి తెలియదు. వస్తాయి, తింటాడు.

పార్టీల పేర్లు ఎత్తడు. తను ఎవరికి ఓటు వేస్తాడో ఎవరికీ చెప్పలేదు. భార్య ఉమామహేశ్వరికీ చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

ఆయన పద్ధతల్లా అమెరికా ప్రభుత్వాన్ని ఉమ్మడి కుటుంబం చేసి చెప్పడం. రాజ్యాంగం తాతగారు రాసిపెట్టి పోయిన వీలునామా. ప్రెసిడెంటు ఇంటి యజమాని. గొంతు పెద్దదే గాని బీరువా తాళాలు ఆయన దగ్గర ఉండవు. అవి ఇద్దరు కోడళ్ల దగ్గర ఉంటాయి. సెనేట్ పెద్ద కోడలు. ఏదీ తొందరగా తేల్చదు, అన్నీ సన్నసెగ మీదే. ప్రతినిధుల సభ చిన్న కోడలు. రెండేళ్లకోసారి ఎన్నికల పరీక్ష రాయాలి గనక ఎప్పుడూ హడావిడి. సుప్రీంకోర్టు మేడమీది గదిలో ఉండే తొమ్మిదిమంది మేనత్తలు. వాళ్లని ఎవరూ ఇంట్లోంచి పంపలేరు. అందులో మగవాళ్లు కూడా ఉన్నారు కదా అని గుంటూరు నుంచి వచ్చిన ఒక లెక్చరరుగారు సందేహం వెలిబుచ్చారు. ఉన్నా మేనత్తలే అన్నాడు చక్రపాణి. దాని మీద ఇక చర్చ జరగలేదు.

ఆ అక్టోబరులో బడ్జెట్ కుదరక ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసేవాళ్లు జీతం లేకుండా పనికి వస్తున్నారు. శశికాంత్ అనే కుర్రవాడు కుర్చీ ముందుకి జరుపుకుని, లేబర్ డిపార్ట్‌మెంట్ మూసేస్తే తన గ్రీన్‌కార్డ్ ఫైల్ కదలదా అని అడిగాడు. కదలదన్నాడు చక్రపాణి. ఎందుకు మూశారో చెప్పమన్నారు అందరూ. ఆయన కాఫీ ఒక గుక్క తాగి మొదలుపెట్టాడు.

“చిన్న కోడలు పప్పు వండి పొయ్యి మీద పెట్టింది. తాలింపు పెద్ద కోడలు వెయ్యాలి. ఆవిడ మూత తీసి చూసి, ఇందులో నేను అడిగినవేవీ లేవు, నేను వెయ్యను అంది. నా పని నేను చేశాను, ఇక నీ ఇష్టం అని చిన్న కోడలు సూట్‌కేసు సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇప్పుడు పప్పు అక్కడే ఉంది. ఇల్లంతా పస్తు.”

అందరూ నవ్వారు. పుట్టింటివాళ్లు ఏమంటున్నారని ఒకావిడ అడిగింది. పుట్టింటివాళ్లు ఎప్పుడూ అమ్మాయి పక్షమే కదా అన్నాడు. మళ్లీ నవ్వారు.

ఉమ స్నేహితురాలు కామేశ్వరి నవ్వలేదు. లేచి, మడతకుర్చీ మూసి, చంకన పెట్టుకుని, కొడుకు కూర్చుని ఉన్న కారు వైపు వెళ్లిపోయింది. గుడికి టైమయిందేమో అనుకున్నాడు చక్రపాణి.

కామేశ్వరికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ కలిసి ఒకే పెద్ద ఇల్లు కొన్నారు. రెండు జంటలు, ఒక తల్లి, ఒక వంటిల్లు. కాపెల్‌లో ఆ ఇంటిని చూపించి మరీ చెప్పుకునేవారు. అలా చెప్పుకోవడం కామేశ్వరికి ఇష్టం.

ఆయన ఇంటికి వచ్చేసరికి ఉమ వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. అవతల ఎవరూ లేరు. ఇవాళ ఏం చెప్పారని అడిగింది. ఎప్పుడూ అడగని మనిషి అడిగిందన్న సంతోషంతో ఆయన పప్పు, తాలింపు, సూట్‌కేసు మొత్తం మళ్లీ చెప్పాడు. నవ్వాల్సిన చోట ఆగాడు కూడా.

ఉమ కుర్చీలో కూర్చుంది.

కామేశ్వరి చిన్న కోడలు తోడికోడలితో మాటామాటా వచ్చి, మంగళవారం సూట్‌కేసు సర్దుకుని చాండ్లర్ అనే ఊళ్లో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయిందట. ఈ దేశంలో ఆ అమ్మాయికి పుట్టిల్లంటే అదే. కామేశ్వరి ఆ సంగతి ఒక్క ఉమకే చెప్పింది.

“నువ్వు నాతో అన్నావా?”

“లేదు. ఎవరితోనూ అననని మాటిచ్చాను.”

“మరి నాకు తెలియదని ఆవిడకి చెప్పు.”

“చెప్పాను. ఇరవై నాలుగ్గంటలూ ఒకే ఇంట్లో ఉండే మొగుడికి తెలియదంటే ఎవరు నమ్ముతారు వదినా అని పెట్టేసింది.”

ఉమ మత్తు డాక్టరుగా పనిచేసింది. ఆపరేషన్ బల్ల మీద స్పృహ తప్పే ముందు మనుషులు ఏవేవో చెప్పేస్తారట. ఏనాడూ ఒక్క ముక్క ఇంటికి మోసుకురాలేదు. రిటైరయ్యాక ఊళ్లో ఆడవాళ్లందరూ స్పృహలో ఉండే చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడకి చెబితే నూతిలో వేసినట్టే అని పేరు. పొయ్యి దగ్గర ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఊఁ, ఊఁ అంటూ కూర తరగడం ఆవిడ దినచర్య.

ఉమ దగ్గర మాట ఆగదని కామేశ్వరి ఎవరితో అందో ఏమో, ఆ వారం ఫోను మోగలేదు. ఆదివారం మోగలేదు. సోమవారం ఒకసారి మోగింది. కారు వారంటీ కంపెనీవాళ్లు. ఉమ వాళ్లతోనే కాస్త ఎక్కువసేపు మాట్లాడింది. బీన్స్ తరుగుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. పక్కగదిలో వార్తలు చూస్తున్న చక్రపాణి సౌండు తగ్గించాడు. తగ్గిస్తే ఇంకా నిశ్శబ్దంగా ఉందని మళ్లీ పెంచాడు.

ఈ చిక్కు తను తెచ్చిందే గనక తనే విప్పాలనుకున్నాడు. మరుసటి శనివారం కూర్చోగానే, పోయినవారం తను చెప్పిన కోడళ్లు పూర్తిగా కల్పితమనీ, ఈ ఊళ్లో ఏ ఇంటికీ సంబంధం లేదనీ, ఎవరూ తనకేమీ చెప్పలేదనీ గంభీరంగా ప్రకటించాడు.

అప్పటిదాకా ఏమీ తెలియనివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏ ఇంటికండీ సంబంధం లేదంటున్నారు అని లెక్చరరుగారు ఆసక్తిగా అడిగారు. కామేశ్వరి కుర్చీ లేని చోటు వైపు రెండు తలలు తిరిగాయి. చక్రపాణి ఆ రోజు సెనేట్ నిబంధనలు ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించాడు. బిల్లు గట్టెక్కడానికి అరవై ఓట్లు ఎందుకు కావాలో ఎవరికీ అర్థం కాలేదు. పెసరట్లు ఆ వారం కూడా రాలేదు.

ఇంటికి వచ్చి ఉమకి చెప్పాడు. ఆవిడకి కోపం కూడా రాలేదు.

“ఏమండీ, వాషింగ్టన్ వాళ్లు కాదు కాదంటేనే జనానికి అసలు సంగతి తెలుస్తుందని ప్రతి వారం చెప్పేది మీరే కదా.”

“శనివారాలు మానేస్తాను.”

“మానేస్తే నిజమేనని ఖాయం చేసుకుంటారు.”

బుధవారం, ఉమ లైబ్రరీకి వెళ్లిన సమయంలో, ఆయన ఒక్కడే కామేశ్వరి ఇంటికి వెళ్లాడు. కామేశ్వరి పెరట్లో బీరతీగ దగ్గర ఉంది. రండి అంది. కుర్చీ చూపించింది. షుగర్ ఎలా ఉందని అడిగింది. మర్యాద ఎక్కడా తగ్గలేదు. మనిషి మాత్రం తీగ వైపే తిరిగి ఉంది. ఒక అమ్మాయి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, పెరటి తలుపు దగ్గర ఆగింది.

చక్రపాణి దారిలో కూడబలుక్కున్నదంతా చెప్పాడు. ఉమ మాట తప్పలేదు. వాషింగ్టన్‌లో నిజంగానే పప్పు పొయ్యి మీద ఉంది. ఆ సభ నిజంగానే సెలవు పెట్టి ఇంటికి వెళ్లింది. తనకి ఈ ఇంటి సంగతి ఏమీ తెలియదు.

కామేశ్వరి ఒక బీరకాయ కోసి బుట్టలో వేసింది.

“చక్రపాణిగారూ, మాంటానా సెనేటర్లు ఎవరు?”

ఆయన తడుముకోకుండా ఇద్దరి పేర్లూ చెప్పాడు. ఎవరు ఏ కమిటీలో ఉన్నారో కూడా చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“మా చిన్న కోడలి పేరేమిటి?”

చక్రపాణి నోరు తెరిచాడు. ఈ ఇంటి గృహప్రవేశానికి వచ్చాడు. రెండు ఉగాదులకి ఇక్కడే భోంచేశాడు. పేరు నాలుక మీద ఉన్నట్టే ఉంది గాని అక్కడ ఏమీ లేదు.

“అదితి” అన్నాడు చివరికి.

“అదితి పక్కింటివాళ్ల పిల్ల. తొమ్మిదో తరగతి. పోనీ పెద్ద కోడలి పేరు చెప్పండి.”

ఆయన బీరతీగ వైపు చూశాడు.

“సరే, ఇప్పుడు మీకు కాఫీ తెచ్చిన అమ్మాయి ఎవరు?”

చిన్న కోడలు చాండ్లర్‌లో ఉంది గనక ఈవిడ పెద్ద కోడలే కావాలి. ఇంజనీరు బుర్ర అంతవరకు పనిచేసింది. పెద్ద కోడలని ధైర్యంగా చెప్పాడు.

తలుపు దగ్గరున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నేను దేదీప్యని అంకుల్. చిన్న కోడల్ని. మొన్న రాత్రే వచ్చేశాను. ప్రతి శనివారం అత్తయ్యని డ్రైవ్ చేసి తీసుకొచ్చేది నేనే. రెండేళ్లుగా మీ ఎదురుగానే కూర్చుంటున్నాను. ఆ పెసరట్లు కూడా నావే.”

పెసరట్లు చాలా బాగుంటాయమ్మా అన్నాడు చక్రపాణి.

కామేశ్వరి బుట్ట కింద పెట్టి కుర్చీలో కూలబడి నవ్వింది. దేదీప్య కూడా నవ్వింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకుని మరీ నవ్వారు. ఎంతసేపటికీ ఆపలేదు. చక్రపాణి కాఫీ కప్పు పట్టుకుని వాళ్లు ముగించేదాకా ఆగాడు.

“మీ పప్పు కథ నాకు చాండ్లర్‌లోనే వచ్చింది అంకుల్, ఎవరో రికార్డ్ చేసి ఫార్వర్డ్ చేశారు” అంది దేదీప్య కళ్లు తుడుచుకుంటూ. “మా అక్క విని, ఇది నీ గురించే కదా అంది. నేనూ ఉమా ఆంటీయే చెప్పి ఉంటారనుకున్నా. సారీ. నేనైతే వచ్చేశా. మరి ఆవిడ ఎప్పుడొస్తుంది?”

ఎవరని అడగబోయి ఆయన ఆగాడు. ప్రతినిధుల సభ గురించి. ఇంకా కబురు లేదన్నాడు.

కామేశ్వరి అప్పటికే ఫోను తీసి స్పీకరు నొక్కింది. ఉమ గొంతు పలికింది. జాగ్రత్తగా, పరాయివాళ్లతో మాట్లాడుతున్నట్టు.

“ఉమా వదినా, మీ ఆయన మా పెరట్లో ఉన్నాడు.”

“అయ్యో. ఏం చేశారు?”

“మా కోడలి చేతి కాఫీ తాగుతూ, ఆవిడెవరో చెప్పలేకపోయాడు. రోజూ ఎదురుగా కూర్చునే పిల్ల పేరు కూడా చెవికెక్కని మనిషి, మా గొడవేం మోస్తాడు వదినా. నాదే తప్పు. నిన్ను అనకూడని మాట అన్నాను.”

ఈసారి ఉమ గొంతు మామూలుగా వచ్చింది.

“ఆ పిల్ల పేరు ఆయనకి నేను ఎన్నిసార్లు చెప్పానో. మా అబ్బాయి పెళ్లినాడు వియ్యపురాలిని పట్టుకుని మీదే ఊరండీ అని అడిగారు.”

“అడిగాడా?”

“రెండుసార్లు.”

చక్రపాణి ఏదో సర్దిచెప్పబోయాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. వదినలిద్దరూ ఆయన్ని దాటి, బీరకాయల్ని దాటి, ఈ పది రోజుల్లో చెప్పుకోలేకపోయినవన్నీ ఒకదాని వెంట ఒకటి అందుకున్నారు. ఎవరికో మోకాలి ఆపరేషన్. ఎవరి అమ్మాయో ఉద్యోగం మానేసింది. చేసేది లేక ఆయన అన్నీ విన్నాడు. ఇన్ని జరిగాయా ఈ ఊళ్లో అనుకున్నాడు.

“అది సరేగాని వదినా, కమ్మింగ్ ఊరివాళ్ల పెళ్లి సంబంధం సంగతి ఏమైందో తెలుసా నీకు?” అంది కామేశ్వరి.

తెలియదంది ఉమ. గొంతు ముందుకి వంగింది.

చక్రపాణి కూడా కొద్దిగా వంగాడు. కామేశ్వరి ఆయన్ని ఒకసారి చూసి, స్పీకరు తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.