మా సీసా మీది పక్షి

నా నోటు పుస్తకంలో ఆ రోజు లెక్క ఇలా ఉంది: "శుక్రవారం. కోడి సీసాలు 24. అమ్మినవి 19. అక్క ఊరికే ఇచ్చినవి 4. పగిలినది 1." మామిడి తొక్కును మేము మొదటిసారి సీసాల్లో నింపి మహబూబాబాద్ అంగట్లో అమ్మిన రోజు అది. అందులోని "కోడి" అన్న ఒక్క మాట ఏడేళ్ళ తరువాత మమ్మల్ని జనగామ దాకా పరుగెత్తిస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

మేము అంటే నేనూ, మా ఏరాలూ. ఆమె మా బావగారి భార్య. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అని పిలుస్తాను. తొక్కు కలిపే చెయ్యి ఆమెది, లెక్క నాది. సీసా మీద అంటించే బొమ్మ కూడా ఆమే గీసింది. కాగితం మీద చేతి గాజు పెట్టి చుట్టూ గీత గీస్తే పొట్ట అయింది. దానికి తల, తోక, కాళ్ళు పెట్టి, అందం కోసం నెత్తి మీద మూడు మామిడాకులు దిద్దింది. "చిలుక మంచిగొచ్చింది గదనే?" అన్నది. చూశాను. గుండ్రటి పొట్ట, నెత్తిన జుట్టు. ముమ్మాటికీ కోడి. ఆమె సంబరం చూసి ఆ మాట మింగేశాను. పుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను కదా.

కొనేవాళ్ళకు ఆ పక్షే గుర్తు. గార్ల వైపు తండాల నుంచి, నర్సింహులపేట నుంచి వచ్చేవాళ్ళలో అక్షరాలు చూసేవాళ్ళు తక్కువ. బొమ్మ మీద వేలు పెట్టి "గీ సీస ఇయ్యి" అంటారు. "శనివారం తినొచ్చునా?" అని అడిగినవాళ్ళు కూడా నాకు తెలిసి ఆరుగురు. అక్కకు ఆ ప్రశ్న ఎందుకొస్తున్నదో ఎన్నడూ అర్థం కాలేదు.

ఒకసారి కాటారంలో పెళ్ళికి వెళ్ళి వస్తూ భూపాలపల్లిలో బస్సు మారాము. అక్కడొక దుకాణంలో మా పక్షి కనిపించింది. మా మూత పచ్చది, ఆ మూత ఎర్రది. అక్క ఒక సీసా కొని, తెరిచి, వేలితో నాలుకకు రాసుకుని అక్కడే ఉమ్మేసింది.

"ఏందయ్యా, మా చిలుక నీ సీస మీదికెట్ల వచ్చింది?"

దుకాణదారు సీసా తిప్పి చూశాడు. "చిలుకనా? గిది కోడి అవ్వా. నా కోడి నాది, మీ చిలుక మీది."

నాకు వచ్చిన నవ్వును దగ్గు కింద మార్చాను. అక్క చేతి గాజు తీసి అతని లేబుల్ మీద పెట్టింది. పొట్ట గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

"మరి నా గాజు గూడ నీదేనా?"

అతను ఇంకో గిరాకీ వైపు తిరిగాడు, సీసాలు మాత్రం తీయలేదు. ఆ ఎర్రమూత తొక్కు తిన్నవాళ్ళు తిట్టేది మమ్మల్నే. ఆ భయంతోనే జనగామలో వకీలు పని చేసే ఒక పిల్ల దగ్గరికి వెళ్ళాము. ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే ఆ బొమ్మ చట్టప్రకారం మాదే అవుతుందని, ఇంకెవరూ తొక్కు సీసాల మీద వేసుకోలేరని చెప్పి ఇద్దరి పేరు మీదా దరఖాస్తు పెట్టింది. బొమ్మ ఏమిటన్న చోట అక్క పట్టుబట్టి "చిలుక" అని రాయించింది.

అయిదు నెలలకు అభ్యంతరం వచ్చింది. జవాబుకు ముప్పై రోజులు గడువు. మేము జనగామ చేరేసరికి అందులో తొమ్మిది రోజులు అయిపోయాయి. ఆ రోజు సోమవారం.

"తొక్కులకే పాత చిలుక బొమ్మ ఒకటి రిజిస్టరై ఉన్నదట అవ్వా. మీ చిలుకను చూసి కొనేటోళ్ళు పొరవడ్తరని అంటున్నరు," అంటూ వకీలు పిల్ల రెండు బొమ్మలనూ పక్కపక్కన చూపించింది. ఆ చిలుక సన్నగా, వంకర ముక్కుతో, కొమ్మ మీద వయ్యారంగా ఉంది. మాది గాజంత పొట్టతో నిలబడి ఉంది. "మనదాన్ని చూస్తే చిలుకలెక్క లేదు. జవాబుల గదే రాస్త. ఇద్దరు సంతకం పెట్టాలె. ఎప్పటిసంది వాడుతున్నరో రుజువేమన్న ఉన్నదా?"

రుజువా! ఏడు నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టాను. నా జీవితంలో నన్ను అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మొదటి పేజీ తీసి పైకి చదివింది. "కోడి సీసాలు 24..." పేజీ తిప్పింది. "కోడి లేబుళ్ళు 100..." మళ్ళీ తిప్పింది. "అవ్వా, బంగారమసొంటి రుజువు! మొదటి దినం నుంచి కోడనే ఉన్నది!"

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. "ఏడేండ్ల సందా?"

"ఏడేండ్ల రెండు నెలలు," అన్నాను. లెక్క తప్పితే నాకు అన్నం సయించదు.

ఆమె సంచీ తీసుకుని, సంతకం పెట్టకుండానే బయటికి నడిచింది.

తిరుగు రైల్లో నాకు ఎదురుగా కూర్చుని రఘునాథపల్లి దాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఆమె సంతకం లేకపోతే పక్షి పోతుంది, పక్షి పోతే ఎర్రమూతే మిగులుతుంది. ఏమని బతిమాలాలో తెలియక రైలు స్తంభాలు లెక్కబెడుతున్నాను. ఉన్నట్టుండి అక్క సంచీలోంచి లేబుల్ తీసి పక్క సీటులోని ఆడమనిషి ముందు పెట్టింది.

"జర చెప్పు చెల్లె, గిది ఏం పిట్ట?"

"కోడి గద?"

"మంచిగ చూడు."

"మంచిగనే చూసిన. పొదుగుతున్నట్టున్నది."

అక్క లేచి పెట్టెలో తిరగడం మొదలుపెట్టింది. నేను వెనకాలే పుస్తకం పట్టుకుని నడిచాను. కాజీపేట వచ్చేసరికి పద్నాలుగు మందిని అడిగాము. కోడి 8, బాతు 3, నెమలి 2, చిలుక 1. ఆ చిలుక అన్నది కండువా వేసుకున్న ముసలాయన. అక్క ఎగిరి గంతేసినంత పని చేసి, సంచీలో మిగిలిన సీసా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన సీసా గట్టిగా పట్టుకుని అన్నాడు: "నీ మొకం చూసి చెప్పిన చెల్లె. బొమ్మ చూస్తే కోడే."

పెట్టె మొత్తం గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది అక్కే. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని నా భుజం మీద ఒక్కటి చరిచింది. "పాపపు దానా, ఒక్కనాడన్న చెప్పకపోతివి."

గురువారం, గడువులో పదమూడో రోజు, మళ్ళీ జనగామ వెళ్ళాము. వకీలు పిల్ల ఇచ్చిన పెన్ను అక్క నా వైపు జరిపింది.

"ముందుగాల నువ్వు నీ పుస్తకంల చిలుక అని రాయి. అప్పుడు పెడ్త."

రాశాను: "గురువారం, 10 గంటల 40 నిమిషాలు. అక్క చెప్పినది: ఇది చిలుక."

"'అక్క చెప్పినది' ఎందుకే?"

"చెప్పింది నువ్వే గదక్కా."

పళ్ళు కొరికి, తల కొట్టుకుని, మళ్ళీ నవ్వి, సంతకం పెట్టింది.

మా జవాబును ఒప్పుకున్నారు. బొమ్మను ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో వేశారు. అభ్యంతరం చెప్పేవాళ్ళకు నాలుగు నెలలు గడువు. రోజుకొక గీత గీసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ అడ్డు రాలేదు. భూపాలపల్లి ఆయనకు వకీలు నోటీసు పోయింది. ఇప్పుడు ఏనుగు బొమ్మ వేసుకుంటున్నాడు.

సర్టిఫికెట్ బుధవారం వచ్చింది. అక్క దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడు! కోడి అని ఏడన్న ఉన్నదా?"

మూడుసార్లు చదివాను. కోడి అని లేదు, చిలుక అనీ లేదు. గాజంత పొట్టతో మా బొమ్మ మాత్రం ఉంది, కింద మా ఇద్దరి పేర్లు ఉన్నాయి.

ఆ రోజు లెక్కలో "పక్షి లేబుళ్ళు 300" అని రాశాను. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"సగం తొవ్వ వచ్చినవ్ పో," అన్నది.