సిపాయి మెడ

మా బొమ్మలవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నరసాపురం హెడ్మిస్ట్రెస్ గారి తాతగారి బొమ్మకు లలిత ఐదు తలలు చేసి ఓడిపోతే, కొవ్వూరు ఉషారాణి వచ్చి ఒక్క పూటలో ఆ ముఖం చేసి ఇచ్చిందట. చేసిందట! ఆ ముఖం మీద ఉషారాణిది ఆవగింజంత పుట్టీ కూడా లేదు. కన్ను నాది, ముక్కు నాది, మీసం నాది. ఆ లలితను నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అసూయతో రాస్తోంది అంటారా, అనుకోండి. అసూయ ఉన్న మాట నిజమే. అసూయ ఉన్నవాళ్లు నిజం చెప్పకూడదని ఎక్కడా లేదు.

అది 2022 వేసవి. రాజమండ్రిలో మా మేడమీద గదే నా వర్క్‌షాపు. నేను చేసేవి మిలిటరీ మినియేచర్లు, అంటే అరచేతిలో పట్టే పాతకాలపు సైనికుల బొమ్మలు. అచ్చులో పోసేవి కావు, ఒక్కొక్కటీ మొదటినుంచీ చేత్తో చేసేవి. ముందు రాగితీగతో ఆర్మేచర్ కడతాం, అది బొమ్మకు ఎముకల గూడు. దాని మీద ఎపాక్సీ పుట్టీ పెట్టి, సూదులతోనూ పళ్ల డాక్టర్ల పనిముట్లతోనూ చెక్కుతాం. రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీ అది. మే నెల ఎండలో మన తొందర చూసి మరీ బిగుసుకుంటుంది. తల విడిగా చేసి, మెడలో సన్నటి పిన్ను గుచ్చి, చివర్లో అతికిస్తాం. ఏడున్నర సెంటీమీటర్ల మనిషికి తల ఒక్క సెంటీమీటరు.

బొమ్మ అడిగిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ సీతారత్నం గారికి ఎనభై దాటాయి. వాళ్ల తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో వంతెనలు కట్టే దళంతో మెసొపొటేమియా వెళ్లి వచ్చారు. ఫొటో లేదు. ఆయన్ని చూసినవాళ్లలో మిగిలింది ఈవిడొక్కరే. ఆవిడకు ఒక కన్ను పోయింది, రెండోది మసకబారుతోంది.

"నాకు కనిపిస్తుండగానే ఆయన్ని ఒకసారి చూసుకోవాలమ్మా" అన్నారు.

నెల రోజులు పాత ఫొటోలు వెతికాను. పిక్కలకు చుట్టిన పట్టీలు, నిక్కరు మడత, జేబు గుండీలు, చేతిలో గునపం, అన్నీ ఆ కాలానివే. మెడ కిందనుంచి ఆవిడ ఒక్క వంక పెట్టలేదు. వచ్చిన చిక్కంతా తల దగ్గరే.

"ఈయనెవరో కరణం గారిలా ఉన్నాడమ్మా. మా తాతయ్య కాదు."

"ముక్కు ఎలా ఉండేదండి?"

"ముక్కులాగే ఉండేది."

"పోనీ మీసం?"

"మీసం ఇదే."

"మరి తేడా ఏంటండి?"

"తెలిస్తే నేనే చేసుకుందును కదా!"

ఇలా నాలుగు తలలు పోయాయి. నాలుగోసారి ఆవిడ మెల్లగా అన్నారు. "ఈసారి కూడా కుదరకపోతే కొవ్వూరు అమ్మాయికి ఇద్దామనుకుంటున్నానమ్మా. ఏమీ అనుకోకు."

నేను చాలా అనుకున్నాను. ఉషారాణి కాలేజీలో నా పక్క బెంచీ. వాళ్లాయన స్టీలు సామాన్ల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుని, ఇద్దరు కస్టమర్ల మధ్య దొరికిన ఖాళీలో తలలు చేస్తుంది. భూతద్దం కూడా పెట్టుకోదు. ఎగ్జిబిషన్‌లో నా బొమ్మ చూసినవాళ్లు "ఎంత కష్టపడ్డారో అండి!" అంటారు. దాని బొమ్మ ముందు కాసేపు ఎవరూ ఏమీ అనరు. ఇరవై ఏళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ మౌనమే.

అందుకే ఐదోసారి ఒక తెలివితక్కువ పని చేశాను. కొత్త తలను మెడకు అతికించేసి మరీ తీసుకెళ్లాను. అతికించాక మార్చమని అడగడానికి మొహమాటపడతారని నా లెక్క. నరసాపురంలో ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఉషారాణి సోఫాలో కూర్చుని పూతరేకు తింటోంది. ఒక్క పొడిరేణువు చీర మీద రాలకుండా తినడం కూడా దానికే చేతనవును.

"ఏంటే లలితా, ఇలా చిక్కిపోయావ్?" అంది.

సీతారత్నం గారు బొమ్మను కిటికీ దగ్గర పట్టుకుని చూశారు. తల అడ్డంగా ఊపారు. ఉషారాణి లేచి చెయ్యి చాపింది.

"ఇటివ్వవే ఒకసారి."

"నువ్వు ముట్టుకోకు."

"ఇవ్వమ్మా" అన్నారు సీతారత్నం గారు. బడిలో పిల్లలు ఎలా ఇచ్చేవాళ్లో నేనూ అలాగే ఇచ్చాను.

ఉషారాణి నా పనిముట్ల పెట్టెలోంచే సన్నరంపం తీసి, నా సిపాయి మెడ కోసేసింది. తలను ఎడమకు వెంట్రుకవాసి తిప్పి, గడ్డం కాస్త దించి, సందులో కాస్తంత పుట్టీ పూసి ఆవిడ చేతిలో పెట్టింది. అంతే. దాని పని మొత్తం అదే.

సీతారత్నం గారు చాలాసేపు చూశారు. ఉన్నట్టుండి బొమ్మ కుడిచెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా కేకేశారు.

"తాతయ్యా! అన్నం చల్లారిపోతోంది, లేవండి!"

వంటింట్లోంచి పనిమనిషి పరిగెత్తుకొచ్చింది. సీతారత్నం గారు కళ్లు తుడుచుకుంటూ చెప్పారు. యుద్ధంలో ఫిరంగి పేలి తాతగారి ఎడమచెవి పోయిందట. ఎవరు పలకరించినా కుడిచెవి ముందుకు పెట్టి వినేవారట.

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటండి?" అన్నాను.

"నువ్వు ముక్కు అడిగావు, మీసం అడిగావు. చెవి సంగతి అడిగావా?"

అయినా నేను ఊరుకోలేదు. "ఈ యూనిఫాం కొత్తగా వేసుకున్ననాటికి ఆయన చెవి బాగానే ఉందండి. చరిత్ర ప్రకారం నేను పెట్టిన మెడే సరైనది."

"అయితే చెవి బాగున్న మనిషిని నువ్వు ఇంకొకణ్ణి చేసుకో తల్లీ. ఈ చెవిటాయన్ని నాకు వదిలెయ్" అన్నారు. ఉషారాణి పకపకా నవ్వింది.

అప్పటినుంచి నేను కస్టమరు చూడకుండా తల అతికించను. ముఖం ఎలా ఉండేదని మొదటే అడగను. ఎలా నిలబడేవారు, పిలిస్తే ఎలా తిరిగేవారు, అది అడుగుతాను. నా బొమ్మలు మెరుగయ్యాయని గ్రూపులో అంటున్నారు కూడా. ఎవరివల్ల అన్నది నేను చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు చెబుతున్నాను.

తిరుగు రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నిడదవోలు దాటాక ఇక ఆగలేక అడిగాను. "చెవి సంగతి నీకు ముందే చెప్పారా?"

"లేదే. ఒట్టు."

"మరి ఎలా తిప్పావ్?"

"ఏమోనే, సిపాయికి మెడ పట్టేసినట్టు అనిపించింది" అని కొవ్వూరులో దిగిపోయింది.

ఈ జవాబు నాకు చాలదు. గుడ్డిదెబ్బ అయితే చెప్పెయ్యమనండి, నా ఇరవై ఏళ్ల కడుపుమంట ఈ రోజే ఆరిపోతుంది. కాదంటే, అదే గదిలో, అదే మనిషి ఎదురుగా, నేను ఐదుసార్లు కూర్చుని చూడలేనిది అది అరగంటలో ఎక్కడ చూసింది?