మావాళ్ళకి చెప్పకు

రాయ్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉమారాణి గొంతు తెలియని ఉద్యోగి లేడు. ఆవిడను చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఆవిడా ఎవరినీ చూడలేదు కాబట్టి చెల్లుకు చెల్లు అనుకోవాలి. ఆరేళ్ళప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. తండ్రి చిన్నారావు శ్రీకాకుళం వైపు నుంచి వ్యాగన్ రిపేరు షాపులో పనికి వచ్చినవాడు. దీని గతేమిటని కుమిలిపోతూ కూర్చోకుండా పిల్లను అంధుల బడిలో వేశాడు. ఆవిడ చదువుకుంది, వికలాంగుల కోటాలో ఎక్స్ఛేంజిలో చేరింది. మోగిన ఫోన్‌ని ఎత్తకుండా వదలకూడదన్నది ఆ ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. నోట్లో ముద్ద ఉన్నా సరే, ఫోన్ మోగితే లేచిపోయేది.

జీతం మాత్రం తనది కానట్టే ఉండేది. చూపు లేనివాళ్ళ సంతకం ఒక్కలా ఉండదంటూ బ్యాంకులో వేలిముద్ర వేయించేవారు. ఆవిడకు సంతకం వచ్చు. తండ్రి అట్టముక్కకు గాడి కోసి, ఆ గాడిలో పెన్ను నడిపించి మరీ నేర్పాడు. ఎవరడిగారు? కాగితం తమ్ముడు గిరిధర్ నింపేవాడు. కేషియర్ నోట్లు బిగ్గరగా లెక్కపెట్టేవాడు. క్యూలో వెనక నిలబడ్డ ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా ఉమారాణి ఎంత తీసిందో తెలిసిపోయేది. దారిలో తమ్ముడు, "ఇప్పుడెందుకప్పా ఇంత?" అనేవాడు. చెడ్డవాడు కాడు పాపం, ఊరికే అడిగేవాడు. కానీ నెరిసిన జుట్టుతో, సొంత సంపాదనతో ఉన్న మనిషి జాకెట్టు గుడ్డకి కూడా సంజాయిషీ చెప్పుకోవడం కన్నా నరకం ఏముంటుంది?

కరోనాకి ముందు ఏడు, ఎక్స్ఛేంజిలో తోటి ఉద్యోగిని నళిని ఆవిడ చేత మాట్లాడే ఫోన్ కొనిపించింది. వేలు పెట్టినచోట ఏముందో పైకి చదివే ఫోన్ అది. బ్యాంకు యాప్ కూడా అందులో పెట్టి వాడకం నేర్పింది. తన ఖాతాలో ఎంతుందో తన చెవితో తాను, పక్కవాడికి వినపడకుండా విన్న రోజున ఉమారాణికి సంతోషంతో అన్నం సయించలేదు.

ఆ స్వేచ్ఛతో ఆవిడ చేసిన మొదటి పని ఊర్మిళకు డబ్బు పంపడం. ఊర్మిళ అంధుల బడిలో పక్క మంచం పిల్ల. ఊరి శివార్లలో బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీల పక్క ఒక గదిలో ఒంటరిగా ఉంటూ కేన్ కుర్చీలు అల్లి బతికేది. ఊరంతా ప్లాస్టిక్ కుర్చీలకు మరిగాక ఆవిడ చేతికి పని లేకుండా పోయింది. ఒకసారి ఊర్మిళ మాట వస్తే తమ్ముడి భార్య ఫణిశ్రీ, "అలాటోళ్ళకి ఒకసారి పెడితే ఆదత్ అయిపోద్ది వదినా, అలవాటు పడిపోతారు" అంది. అప్పటి నుంచి ఉమారాణి ఆ పేరు ఇంట్లో ఎత్తలేదు. నెల నెలా గది అద్దె మాత్రం పంపేది. జీవితంలో ఎవరికీ చెప్పకుండా చేయగలిగింది అదొక్కటే. అందుకే అదంటే ఆవిడకు ప్రాణం.

అది కాస్తా మూన్నాళ్ళ ముచ్చటే అయింది. బ్యాంకువాళ్ళు యాప్‌ను కొత్తగా ముస్తాబు చేశారు. చూపున్నవాళ్ళందరూ బాగుంది బాగుందన్నారు. డబ్బు పంపే మనుషుల పేర్లు పోయి గుండ్రటి బొమ్మలు వచ్చాయి. వాటి మీద వేలు పెడితే ఫోన్ "బటన్" అంటుంది. పక్కదాని మీద పెట్టినా "బటన్" అనే అంటుంది. ఎవరికి పంపుతున్నామో చూపించే పేజీలోనూ అదే పాట.

ఉమారాణి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. "కుడివైపు నీలం రంగు బటన్ కనిపిస్తోందా మేడమ్?" అని అడిగాడు అవతలి కుర్రాడు. తనకు చూపు లేదని చెప్పింది. "ఓకే మేడమ్, నీలం రంగు రాకపోతే ఒకసారి స్క్రీన్ ఫొటో పంపండి" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మర్నాడు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. దాన్ని మాత్రం ఫోన్ తు.చ. తప్పకుండా చదివి వినిపించింది.

ఇక తన తిప్పలు తనే పడింది. మొదటి బొమ్మకి ఒక్క రూపాయి పంపి ఊర్మిళకి ఫోన్ చేసింది. "పడిందేటే?" అంటే, "పడిందే" అంది ఊర్మిళ. రెండో బొమ్మ గిరిధర్‌దని కూడా అలాగే రూపాయి పంపి, తమ్ముడి గదిలో ఫోన్ గంట విని తెలుసుకుంది. గుడ్డివాళ్ళు ఇల్లు తెలుసుకునే పద్ధతే అది. కుర్చీ ఎక్కడుందో ఒకసారి తడిమితే చాలు, దాన్ని ఎవరూ జరపకుండా ఉంటే. బొమ్మలు కూడా అలాగే ఉన్నచోట ఉంటాయని ఆవిడ నమ్మింది.

ఆ వారంలో గిరిధర్ గ్యాస్ బండకి డబ్బు పంపమంటే పంపింది. ఆ వారం ఎవరికి ఎక్కువసార్లు పంపితే వాళ్ళ బొమ్మ ముందుకొస్తుందని ఆవిడకు ఎవరు చెప్పాలి? కుర్చీ జరిగిపోయింది.

ఆదివారం పొద్దున్న తలుపు దగ్గరగా వేసుకుని మొదటి బొమ్మ నొక్కింది. డబ్బుతో పాటు నాలుగు మాటలు పంపే వీలుంది, నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది. ఫోన్ దగ్గర పెట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది. అంకెలు నొక్కింది. వెళ్ళిపోయింది.

పక్క గదిలో గంట మోగింది.

గిరిధర్ ఏదో కబురు అనుకుని పైకే చదవడం మొదలుపెట్టాడు. "ఊర్మిళా, ఇది గది అద్దెకి. మావాళ్ళకి చెప్పకు. వీళ్ళకి ప్రతిదానికీ చెప్పుకోలేక..." అంతవరకు చదివి ఆగిపోయాడు. మిగతా ముక్క ఏమిటో ఆవిడకు తెలుసు. చచ్చిపోతున్నాను అంది తను. తన మాటలు తమ్ముడి గొంతులో వింటుంటే భూమి చీలితే బాగుండుననిపించింది.

కాసేపటికి తలుపు తోసి వచ్చాడు. కోపం లేదు. కోపమైతే ఎదురు సమాధానం చెప్పేదే. "ఏటప్పా ఇది?" అన్నాడు. "మేం ఏటైనా వద్దన్నామేటి? ఇన్నేళ్ళూ నిన్ను చూసుకున్నది పరాయోళ్ళా?"

"కాదురా గిరీ."

"మరి మావాళ్ళకి చెప్పకంటే ఏటర్థం?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా వాడు మంచివాడు. ఆ డబ్బు వాడే ఊర్మిళకి పంపేశాడు. "గలత్ మనిషికి పోయుంటే ఏటయ్యేది? నీకెందుకప్పా ఈ పరేషానీ" అని సోమవారం సెలవు పెట్టి బ్యాంకుకి తీసుకెళ్ళాడు.

అక్కడ ఉమారాణి చెప్పాలనే అనుకుంది. బొమ్మలకు పేర్లు చెప్పించండి చాలు, నా తంటా నేను పడతాను అంది. మేనేజరు ఎంతో మర్యాదగా, "బెహన్‌జీ, భాయీసాబ్ హై నా, ఫిర్ క్యా చింతా?" అన్నాడు. తమ్ముడుండగా మీకేం చింత అని. ఆ మాటతో అందరూ నవ్వారు. ఖాతాలో గిరిధర్ పేరు చేరింది. యాప్ ఫణిశ్రీ ఫోన్‌లోకి మారింది. ఆఖర్న వేలిముద్ర వేయమన్నారు. సంతకం వచ్చనే మాట ఈసారి ఉమారాణి అనలేదు.

ఇప్పుడు ఖాతాలో ఎంతుందని అడిగితే ఫణిశ్రీ, "ఉన్నాయిలే వదినా, నీకేటి లోటు" అంటుంది. నిజమే, లోటేమీ లేదు. కావలసినవన్నీ వస్తున్నాయి, అడిగితే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగి అడిగి పుచ్చుకున్నది గొంతు దిగదన్న మాట మాత్రం ఎవరూ అనరు.

ఒకటో తారీఖున ఉమారాణి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. "ఫణీ, ఊర్మిళ అద్దె..." అంది.

"ఈ నెల కూడానా వదినా?" అంది ఫణిశ్రీ, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. అందులో విసుగు లేదు. గొంతులు విని బతికిన మనిషికి ఆపాటి తెలుసు. ఉత్త ప్రశ్నే అది. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పి, వచ్చే నెల మళ్ళీ చెప్పి, చచ్చేదాకా చెబుతూనే ఉండాలి. ఉమారాణికి ఒక్కసారిగా ఓపిక చచ్చిపోయింది.

"వద్దులే" అంది.

అన్నాక తనకే అసహ్యం వేసింది. తన పంతానికి బీర్‌గావ్ గదిలో ఊర్మిళను బలిపెట్టానని తెలుసు. అయినా ఆ రోజంతా మళ్ళీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళలేదు.

సాయంత్రం ఆవిడ ఫోన్ మోగింది. మాట్లాడే ఫోన్ కదా, ఇల్లంతా వినపడేలా పేరు చెబుతోంది. "ఊర్మిళ. ఊర్మిళ."

"వదినా, నీకే ఫోను" అని కేకేసింది ఫణిశ్రీ.

ఉమారాణి మంచం మీద కూర్చుని ఉంది. ఫోన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అది మోగి మోగి ఊరుకునేదాకా ఆవిడ లేవలేదు.