దివానుగారి కోటు బరువు

మా ముత్తాతగారు సంస్థానంలో దివాను, తాతగారు ఠాణేదారు, నాన్నగారు ఏ కొలువూ లేకపోయినా దివానుగారి మనవడు. మొన్న మా మనవరాలు ఫోనులో చూసి, ప్రపంచంలో పేరుమోసిన దుస్తుల కంపెనీలు కొన్ని పొట్ట చేతపట్టుకుని పరదేశం వెళ్లినవాళ్లు పెట్టినవేనట తాతయ్యా అని చెబితే నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి మా మామ్మకు కోరాపుట్‌లో అరవైలలోనే, అదీ త్రాసు సాక్షిగా తెలిసింది.

ఆ రోజుల్లో తూర్పు బెంగాలు కాందిశీకులను మా జిల్లాకు తెచ్చి స్థలాలిచ్చారు. వాళ్లలో ఒక దర్జీ బజారులో మిషను పెట్టుకున్నాడు. కాందిశీకుడి చేతికి గుడ్డ ఇస్తే సగం వాడి పెట్టెలోకే పోతుందని ఊళ్లో మాట. వాళ్లలో ఒక్కరినీ ఎరగకుండానే మేమూ ఆ మాట అనేవాళ్లం. నాకేమో వారంలో మాచ్‌ఖండ్‌లో కరెంటు ప్రాజెక్టు గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది వస్తే సంస్థానం పోయాక మా ఇంటికి మొదటి నెలజీతం, రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. దివానుగారి మునిమనవడు ఉత్త చొక్కాతో వెళ్తాడా అని మామ్మ ముత్తాతగారి పట్టు దర్బారు కోటు తీసింది. పురుగు కొట్టిన ఆ కోటును నా ఒంటికి సరిచేయగలిగినవాడు ఆ దర్జీ ఒక్కడే.

మామ్మ ఏ దర్జీకైనా గుడ్డ తూచే ఇచ్చేది, కుట్టినదాన్నీ మిగిలిన ముక్కలనూ కలిపి మళ్లీ తూచే పుచ్చుకునేది. అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, కోటు తూస్తూ ఆరా తీసింది.

“ఎలా వచ్చేవురా ఇంత దూరం?”

“నడిచేను, మా. తర్వాత రైలు, తర్వాత లారీ,” అన్నాడతను బజారు తెలుగులో, అమ్మా అనేచోట తన భాషలో ‘మా’ అంటూ. “మీరు?”

“మేం ఇక్కడోళ్ళవే. మా మావగారి తండ్రి ఘాటెక్కి వచ్చేరు, పల్లకీలో.”

“అయితే మీరూ వచ్చేరు!”

లోపల మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

నాలుగోనాడు కోటూ ముక్కలూ తెచ్చాడు. మామ్మ తూచింది. త్రాసు అతని పక్షానికి వంగింది. ఇచ్చినదానికంటే కోటు బరువెక్కింది.

“ఏటి కలిపేవురా? జేబుల్లో రాళ్ళెట్టేవా?”

జేబులు తిరగేసింది, అస్తరు పైకెత్తింది. పురుగు కొట్టిన చోటల్లా వెనక నీలం నూలుగుడ్డ సన్నగా కుట్టి ఉంది. వాళ్లమ్మ చీరట, ఆ దేశం నుంచి తెచ్చుకున్న చీర అదొక్కటేనట.

“ఉద్యోగం కోటు కదా, మా. చిరగకూడదు.”

మామ్మ తూకపురాళ్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది.

“మావోళ్ళూ నడిసే వచ్చేర్రా, నాయినా. పల్లకీ తరవాత కొన్నాం.”

నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఆ మాట అనలేదు.

ఉద్యోగం వచ్చింది. కోటు కాలరు చూసి ప్రాజెక్టు కాలనీలో కుర్రకారంతా అలాంటిదే కావాలన్నారు. డెబ్బైలలో బెల్‌బాటమ్‌లకు నారాయణపట్న నుంచి కూడా అతని దగ్గరికే వచ్చేవారు. అందరికీ మామ్మ “మా దర్జీ” అని చెప్పేది, ఆవిడే కనిపెట్టినట్టు.

ఇప్పుడన్నీ రెడీమేడ్‌లే, కుట్టిన చేయి ఎవరిదో తెలియదు. వలస వచ్చినవాళ్లను గురించి ఆ పాత మాట మాత్రం ఈనాటికీ టీ దుకాణంలో వినిపిస్తుంది. తూచి చూపించడానికి మామ్మ లేదు. కోటు నా దగ్గరే ఉంది. పల్లకీని గుడారి ఊరి నాటకాలవాళ్లకు అమ్మేశాం.