దిగువ చేనికి పోయిన మట్టి

మా ఆయన కామెర్లతో పోయినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే రోడ్డుకు రెండు మైళ్ళు లోపల మా ఊరు. ఊరికి పడమర గుట్ట కింద వాలుగా ఆరెకరాల ఎర్రనేల ఉండేది. అది ఇప్పుడు నాది అన్నారు అందరూ. ఏం చేస్తావు అని మాత్రం ఎవరూ అడగలేదు.

దినాలు అయిపోయిన వారానికి హిందూపురం నుంచి తమ్ముడు వచ్చాడు.

"అక్కా, మాయింటికి వచ్చెయ్. ఈడ ఏముండాది నీకు?"

"చేనుండాది," అన్నాను.

"దాన్ని మీ బావకు గుత్తకిచ్చెయ్."

బావంటే మా ఆయన అన్న. నా చేనికి దిగువన ఉన్నది ఆయన చేనే. ఆయన కూడా అదే అడిగాడు. నేనే చేసుకుంటానన్నాను. ఆ రోజు నుంచి బావ నాతో మాట్లాడటం మానేశాడు. వీధిలో ఎదురైతే గోడవైపు చూస్తూ పోయేవాడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఆయన లేనప్పుడు మాత్రం రెండు మాటలు పలకరించేది.

ఒక్కదానికి సంగటి కెలకడం నాకు చేతనయ్యేది కాదు. ఎంత తగ్గించి పోసినా రెండు ముద్దలు అయ్యేది. రెండోది పొద్దున్నే మజ్జిగలో కలుపుకుని తాగి చేనికి పోయేదాన్ని. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడే పని పడేది కాదు. అట్లా ఒకసారి బస్సెక్కితే కండక్టరు ఎక్కడికని అడిగాడు. జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు.

చేను మధ్యలో వాన నీళ్ళు తెచ్చిన కోత ఒకటి ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక్క అంగలో దాటేదాన్ని. ఆయన పోయేనాటికి అందులోకి దిగి, అవతల చేతులు ఆనించి ఎక్కాల్సి వచ్చేది. వాన పడ్డప్పుడల్లా పైమట్టి కొట్టుకుపోయి కింద గరుసు తేలేది. ఒడ్డునున్న వేరుశనగ మొక్కలు వేళ్ళు గాలిలో వదిలి వేలాడేవి.

తొంభైల చివర్లో ఊరికి వాన నీళ్ళు నిలిపే వాటర్‌షెడ్ పని వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చిన సారు దగ్గర ఒక కర్ర సాధనం ఉండేది. కాళ్ళు చాపిన రెండు కర్రలు, మధ్యలో ఒక అడ్డకర్ర, పైనుంచి దారానికి వేలాడే రాయి. దాన్ని అడుగులు వేయించినట్టు నడిపిస్తూ, రాయి సరిగ్గా మధ్యకు వచ్చిన చోటల్లా సున్నం చల్లాడు. గీత తిన్నగా రాలేదు. గుట్ట ఎట్లా తిరిగితే అట్లా వంపులు తిరిగింది.

"ఈ గీత పొడుగునా ఒకటే ఎత్తమ్మా," అన్నాడు. "దీని మీద గట్టు వేస్తే నీళ్ళు ఎటూ పోలేక ఇక్కడే ఇంకిపోతాయి. మీ దిగువనున్న బావికి కూడా అవే దిగుతాయి."

దిగువనున్న బావి మా బావది. సారు ఆయన చేనిలోనూ గీత గీయడానికి పోతే వద్దని పంపేశాడు.

గట్లు ఆఫీసు వాళ్ళు కూలీలతో వేయించారు. కోతలో రాళ్ళు పేర్చే పని మాత్రం నేను పెట్టుకున్నాను. ఎట్లా పేర్చాలో సారు ఒకసారి చూపించాడు. అడుగున జానెడు తవ్వి పెద్ద రాళ్ళు దించాలి, నీళ్ళు మధ్య నుంచి పొర్లిపోయేటట్టు నడుమ కాస్త పల్లంగా వదలాలి. ఆ ఎండాకాలమంతా గుట్ట మీది నుంచి రాళ్ళు దొర్లించుకొచ్చాను. కోత పొడుగునా ఏడు రాతికట్టలు కట్టాను. మొగుడు పోయిన దిగులుతో పిచ్చిగా రాళ్ళు మోస్తోందని ఊళ్ళో అనుకున్నారట. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. రాయి ఎత్తేటప్పుడు ఇంకేమీ గుర్తొచ్చేది కాదు.

తర్వాత రెండేళ్ళు సరైన వానే లేదు. గట్ల మీద గడ్డి కూడా మొలవలేదు. మూడో ఏడు భాద్రపదంలో ఒక మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా కురిసింది. గోనెసంచి కప్పుకుని చేనికి పోయాను. గట్టు వెనక పిక్కలలోతు ఎర్రనీళ్ళు, కదలకుండా నిలబడి ఉన్నాయి. "చూడు," అని పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున పోయేసరికి గట్టు తెగిపోయి ఉంది. నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారిగా పోయి, దారిలో మట్టిని ఊడ్చుకుని, బావ చేనిలో మేట వేశాయి. తెగిన చోట కూర్చుని చూశాను. నీళ్ళు కోస్తే అంచులు గుండ్రంగా అరుగుతాయి. ఇక్కడ ఒక అంచున పార దిగిన గీతలు నిలువుగా ఉన్నాయి.

నేను ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు? రెండు రోజులు ఆగి, మట్టి కాస్త ఆరాక, గంప, పార తీసుకుని బావ చేనిలోకి దిగాను. మేట మీది మట్టిని గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, వాలు ఎక్కి నా చేనిలో పోశాను. పొద్దుగూకేదాకా అదే పని. రెండో రోజూ అంతే. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి పోతున్నారు.

మూడో రోజు బావ వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"ఎన్ని గంపలు మోస్తావు?"

"నాది నాకు వచ్చేదాకా."

"వానకు తెగింది. నేనేం జేసేది?"

"నీళ్ళ చేతిలో పార ఉండదు బావా," అన్నాను.

ఆయన బావివైపు చెయ్యి చాపాడు. "నా బావి చూసినావా? ఏడాదికి రెండు వానలే దాన్ని నింపేది. నువ్వు మీద కట్టేస్తే నా ఎద్దులేం తాగాల?"

అంతవరకు ఆయనది పగ అనుకున్నాను. ఆ మాటతో ఆయన భయం కనిపించింది. "ఇంకిన నీళ్ళు నీ బావికే దిగుతాయని సారు చెప్పినాడు," అన్నాను.

"సారుకేం. రేపు ట్రాన్స్‌ఫరై పోతాడు," అని వెళ్ళిపోయాడు. ఆ మాట నిజమే అయింది. మరుసటి ఏడు సారు బదిలీ అయిపోయాడు.

నాలుగో రోజు అక్క ఒక గంప తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం దాకా నా వెనకే మట్టి మోసి, చేతులు కడుక్కుని పోయింది. బావ దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. గండి పూడ్చుకున్నాను. అది మళ్ళీ తెగలేదు. బావ కూడా మళ్ళీ మాట్లాడలేదు.

అట్లా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. బావి ఎండి, వేసిన బోరులోనూ నీళ్ళు పడక, ఆయన ఎద్దులను అమ్మేసి అక్కతో కలిసి ధర్మవరంలో మగ్గాలు పెట్టుకున్న కొడుకు దగ్గరికి పోయాడు. దిగువ చేను బీడుపడింది. ఆ వైపు నుంచి మనిషి అలికిడి కూడా లేకుండా పోయింది. మాట్లాడని మనిషే అయినా, రోజూ దిగువ నుంచి వచ్చే ఆయన దగ్గు వినబడకపోతే చేను ఇంత పెద్దదా అనిపించేది.

వాళ్ళు పోయిన రెండో ఏడు వానలు బాగా పడ్డాయి. మాఘమాసంలో ఒకరోజు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ బావి దగ్గరికి పోయాను. లోపల ఆకాశం కనిపించింది. పైనుంచి మూడో మెట్టు దాకా నీళ్ళు. చలికాలం చివర ఆ బావిలో నీళ్ళు ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడే ధర్మవరం బస్సెక్కాను. బావ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కండెలు చుడుతున్నాడు. మట్టిపని చేసిన వేళ్ళు, పట్టుదారం మాటిమాటికీ చర్మానికి తగులుకుంటోంది.

"బావా, బావిలో నీళ్ళుండాయి," అన్నాను.

చెయ్యి ఆగింది. "యాడిదాకా?"

"మూడో మెట్టు."

"ఎవరు తోడుకుంటాండారు?"

"ఎవరూ లేరు."

ఆయన మళ్ళీ దారం అందుకున్నాడు. అక్క అన్నం పెట్టింది. గట్టు సంగతి ఇప్పుడైనా ఎత్తుతాడేమోనని బస్సు వేళ దాకా కూర్చున్నాను. ఎత్తలేదు.

పదిహేను రోజులకు తానే వచ్చాడు, ఒక్కడే. మెట్లు దిగి, నీళ్ళలో పాదాలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నా చేను ఎక్కి ఒక్కో రాతికట్ట దగ్గరా నిలబడి చూశాడు. కోత మట్టితో పూడి, అందులో నేను వేసిన కంది నడుమెత్తు పెరిగి ఉంది.

"ఇంకో రెండు మెట్లు మీదికి రావాల్సింది," అన్నాడు చివరికి.

"నీ చేనిలోనూ గట్లుంటే వచ్చేటివి," అన్నాను.

తల ఊపాడు. రోడ్డు దాకా సాగనంపి, సాయంత్రం బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన ఊరికి రాలేదు. ఆ సాయంత్రం రోడ్డు నుంచి తిరిగి వస్తూ చూస్తే, ఐదో కట్టలో ఒక రాయి జారి ఉంది. వెలుగు ఉండగానే దాన్ని ఎత్తిపెట్టి ఇంటికి పోయాను.