విసనకర్ర వెనకాల మీసం

ఆ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తోందంటే పంతులమ్మ అయినా అయివుండాలి, నర్సమ్మ అయినా అయివుండాలి. నేను ఆ రెండూ కాదు. "పత్రికలో పని చేస్తున్నాను" అంటే ఇంటింటికీ తిరిగి పత్రికలు వేస్తాననుకునేవాళ్లు. "ఫ్యాషన్ల పత్రికండీ" అని వివరిస్తే, ఒకసారి నా చీర వంక, ఇంకోసారి నా మొహం వంక చూసి, పాపం, వానల గురించి మాట్లాడేవాళ్లు. (మా కర్నూలులో వానల గురించి ఎంతసేపని మాట్లాడతారు? లేవు, అంతే.) ఇప్పుడు మనవరాళ్లు మాత్రం "ఎంత బాగుండేదో కదా అవ్వా!" అని కళ్లు పెద్దవి చేసుకుని నా చుట్టూ చేరతారు. పట్టుచీరల మధ్య, అత్తరు వాసనల మధ్య నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు వాళ్ల ఊహ. ఆ ఊహను పాడుచేయడానికే ఇది రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. సర్కారు కచేరీలకు చోటు చాలక గుడారాలు వేశారు. మద్రాసు నుంచి ఆఫీసర్లు దిగారు, వాళ్లతోపాటు వాళ్ల భార్యలూ, ఆ భార్యలతోపాటు నైలాన్ చీరలూ, బుట్ట చేతుల రవికలూ దిగాయి. మా శెట్టిగారికి ఊళ్లో ఒక బట్టల కొట్టు, ఒక నూనె మిల్లు ఉండేవి. "ఈ యమ్మలు శానా సదువుకున్నోళ్లు. వీళ్లకి ఒక పత్రిక ఉండల్ల. ఆ పత్రికలో మన కొట్లో చీరలుండల్ల" అని ఆయన మాసపత్రిక మొదలుపెట్టాడు. మైదుకూరు పక్క పల్లె నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటూ, చదివిన చదువుకు తగిన పని దొరక్క ఆమె చేత తిట్లు తింటున్న నన్ను పిలిచి ఉద్యోగమిచ్చాడు. సబ్ ఎడిటర్ని నేనే, ప్రూఫులు దిద్దేదాన్ని నేనే, పోస్టు కట్టలకు గోందు పూసేదాన్నీ నేనే. ఆఫీసు నూనె మిల్లు మిద్దె మీద. కింద మిషను తిరిగితే పైన నా అక్షరాలన్నీ వణికేవి. పత్రిక నిండా పశువులకు పెట్టే వేరుశనగ చెక్క వాసన. "మీ పత్రికను అరుగు మీద పెట్టి నీళ్లు తాగొచ్చేలోపల మా ఎనుము నమిలేసింది, ఇంకో ప్రతి పంపగలరు" అని ఒకావిడ ఉత్తరం రాస్తే శెట్టిగారు నొచ్చుకోకపోగా, "సూడు పాపా, ఎనుముకి గూడ నచ్చినాది" అని మురిసిపోయాడు.

ఇక నా మొహం సంగతి. చిన్నప్పుడు నాకు పెద్దమ్మవారు పోసింది. ప్రాణం దయతలిచి వదిలేసి, మొహమంతా మచ్చలు పెట్టి పోయింది. మా వీధి కుర్రాళ్లు నాకు పెట్టిన పేరు జల్లెడ. అటువంటి నేను ప్రతి నెలా ఒక పూలపేరు పెట్టుకుని 'ముఖకాంతికి చిట్కాలు' రాసేదాన్ని! శనగపిండి, పాలమీగడ, పన్నీరు. (మా అత్త అది చదివించుకుని, "మీగడంతా మొగానికి పూసుకుంటే నెయ్యి యాడినుంచి వస్తాదే?" అనేది.) పాఠకురాళ్లు నా చిట్కాలతో మొహం తళతళలాడుతోందని ఉత్తరాలు రాసేవాళ్లు. చదివి నవ్వుకునేదాన్ని. ఒక్కోసారి నవ్వు వచ్చేది కాదు.

మొదటి సంచిక అట్ట మీద కొత్త రకం చీరకట్టు బొమ్మ వేయాలని శెట్టిగారు పట్టుపట్టాడు. బొమ్మకు మనిషి కావాలి కదా! పరువు గల ఇంటి ఆడది పత్రిక మీదికి రాదు. తమది పరువు లేని ఇల్లని ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. "నేను నిలబడతా శెట్టిగారూ" అన్నాను. ఆయన చాలాసేపు తలగోక్కున్నాడు. "నువ్వు రాసేదానివమ్మా. రాసేటోళ్లు కనపడకూడదు" అన్నాడు. అబద్ధం ఎంత మెత్తగా చెప్పినా అబద్ధమే. ఆ రోజు ప్రూఫుల్లో తప్పులన్నీ అలాగే వదిలేశాను.

చివరికి దొరికినవాడు నాటకాల భామన్న. కడప జిల్లా అంతా ఆడవేషాలు వేసి మెప్పించిన మనిషి. చీర కట్టాడంటే కుచ్చిళ్లు కొలిచి పెట్టినట్టుండేవి. అయితే నాటకాలు లేని నెలలు కావడంతో దర్జాగా మీసం పెంచాడు. తీసేయమంటే ఇంతెత్తున లేచాడు. "ఏడాదంతా ఆడదాని మాదిరి బతుకుతాండా. ఈ రెండు నెల్లన్నా మగోని మాదిరి బతకనీరా? చీర కడతా, గాజులేసుకుంటా, మీసం మాత్రం ముట్టుకోనీను" అన్నాడు. ఫొటో స్టూడియో నడిపే చాచా ఆలోచించి, తాను విసురుకుంటున్న తాటాకు విసనకర్రను తెచ్చి భామన్న ముక్కు కింద అడ్డంగా పెట్టించాడు. పైన కాటుక కళ్లు, కింద కుచ్చిళ్లు, మధ్యలో విసనకర్ర. ఫొటో అద్భుతంగా వచ్చింది.

పత్రిక వెళ్లిన కొన్నాళ్లకే ఊళ్లో ఒక వింత చూశాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆడవాళ్లు ముక్కు కింద విసనకర్ర పెట్టుకుని, కళ్లు మాత్రం ఆడిస్తూ నిలబడుతున్నారు! ఆ ఎండల్లో ఒక్కరూ విసురుకోరు. చెమటలు కారుతున్నా అలాగే పట్టుకుని నిలబడతారు. ఫ్యాషనంటే ఎక్కడో ఎవరో తెలివైనవాళ్లు కూర్చుని తయారుచేస్తారని అనుకునేదాన్ని. ఒకరి మొండితనం, ఒకరి మీసం, చేతికందిన తాటాకు చాలునని అప్పుడే తెలిసింది. ఆ ఫొటో చూసి ఆఫీసర్ల భార్యల క్లబ్బు వాళ్లు "ఆ విసనకర్ర అమ్మాయి మాకు చీర కట్టడం నేర్పాలి, పంపండి" అని కబురు పెట్టారు. శెట్టిగారు "వంట్లో బాగలేదు" అని దాటేస్తూ వచ్చాడు.

రెండో అట్టకూ విసనకర్రే కావాలన్నాడు. భామన్న అప్పటికే నాటకాలకు వెళ్లిపోయాడు. అప్పుడు గుర్తొచ్చాను నేను. "పాపా, నువ్వు నిలబడు. ఇసనకర్ర కండ్ల దాంక పైకి పట్టుకో. అప్పుడు ఎవురైనా ఒకటే" అన్నాడు. అది చెప్పి వేరుశనగ కొనడానికి రెండు వారాలకని ఆదోని బండెక్కాడు. ఎవరైనా ఒకటేనట! మీసానికి వేసిన అడ్డమే నా మొహానికీ సరిపోతుందట! ఒళ్లు మండిపోయింది. మండుతున్న ఒంటి మీదే ఉన్న చీరల్లో మంచిది కట్టుకున్నాను. రవిక మా అత్త కుట్టింది. గుడ్డ చాలక చేతుల చివర పాత చీర అంచు అతికింది.

స్టూడియోలో విసనకర్ర దించి నిలబడ్డాను. చాచా నల్లగుడ్డ లోంచి తల బయటపెట్టి, "దించితే ఎట్ల బేటీ?" అన్నాడు. "ఇట్లనే తీయి చాచా" అన్నాను. తీశాడు. తర్వాత పెన్సిలు చెక్కుకుంటూ, "ఫికరు చేయొద్దు. నెగటివ్ మీద టచ్ చేస్తా. ఒక్క మచ్చ కనపడదు, పాలరాయి మాదిరి ఉంటాది మొగం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఒక్క మచ్చ తగ్గినా ఊరుకోను చాచా. పాలరాయి నేను కాదు. పంపితే నన్ను నన్నుగానే పంపు" అన్నాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఫొటో అలాగే అచ్చు బ్లాకు చేయించడానికి మద్రాసుకు పోయింది.

శెట్టిగారు తిరిగొచ్చేసరికి అట్ట ప్రూఫు ఆయన బల్ల మీద ఉంది.

"ఇదేంది పాపా? ఇసనకర్ర యాడికి పాయ?"

"చేతిలోనే ఉండాది గదా."

"దించమని నీకెవురు చెప్పినారు?"

"ఉక్క పోసినాది. ఇసనకర్ర ఇసురుకునేదానికి గదా ఉండేది?"

"నీ మంచికే చెప్తాండా తల్లీ. ఈ మొగం చూసి చీరలెవురు కొంటారు?"

తిట్టివుంటే బాగుండేది. జాలిగా అన్నాడు. అట్ట ప్రూఫును ఆయన వైపు జరిపాను. "అచ్చుకి పంపండి శెట్టిగారూ. పంపకుంటే నేనే క్లబ్బుకి పోతా. 'అమ్మా, మీకు చీర కట్టేది నేర్పించల్లంటే మా అమ్మాయికి ముందు మీసం తీయించల్ల' అని చెప్పొస్తా" అన్నాను.

శెట్టిగారు వేరుశనగ చెక్క బస్తా మీద కూలబడ్డాడు. "ఆడపిల్లవా, ఆదిశక్తివా? అచ్చంగా మీ అత్త నోరే వచ్చినాది నీకు. సరే, ఏస్తా. కాపీలు తిరిగొచ్చినాయంటే మాత్రం ఆ పొద్దే నీ ఉద్యోగం సరి" అన్నాడు. "సరే" అన్నాను. ఉద్యోగం పోతే మళ్లీ మైదుకూరే. అది ఇద్దరికీ తెలుసు.

పత్రిక వెళ్లింది. నేను యుద్ధానికి సిద్ధమయ్యాను. ఎవరేమన్నా అంటే చెప్పడానికి అద్దం ముందు నిలబడి జవాబులు తయారుచేసుకున్నాను. "మచ్చలు నావి. చూసి ఓర్వలేని కళ్లు మీవి. మందు ఎవరికి కావాలి?" అనేది అందులో నాకు బాగా నచ్చింది. చందమామకు మచ్చ లేదా అనేది మాత్రం కొట్టేశాను, మరీ నాటకంలా ఉందని. మొదట మా అత్తే చూసింది. నాకు అమ్మవారు పోసినప్పుడు మా పల్లెకొచ్చి, వేపమండలతో విసురుతూ నన్ను బతికించుకున్న మనిషి కదా, ఏమంటుందో! ఆమె అట్టను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "నిలబడినదానివి సక్కగా నిలబడకూడదా మే? ఒక పక్కకి వాలినావు" అంది. తర్వాత క్లబ్బు ఆవిడలు ముగ్గురు నూనె మిల్లు మెట్లెక్కి వచ్చారు. గొంతు సవరించుకున్నాను. "ఆ రవిక చేతులకు అంచు వేయడం ఏ ఊరి ఫ్యాషన్ అండీ?" అని అడిగారు. పోస్టులో వచ్చిన ఉత్తరాలన్నీ రవిక చేతుల గురించే. కాపీలు తిరిగి రాలేదు. శెట్టిగారు పాతచీరల అంచులు కొనుక్కొచ్చి కొట్లో వేలాడదీశాడు.

ఒక మధ్యాహ్నం ఓర్వకల్లు నుంచి ఒకామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే నా మొహం వంకే చూస్తూ నిలబడింది. వచ్చింది సమయం అనుకుని నేను కుర్చీలోంచి లేచాను. "బొమ్మలో ఉండేది నువ్వేనా మ్మా? ఆ రవిక ఎవురు కుట్టినారు? మా పాపకి అట్లాంటిది కుట్టించల్ల, అదే కావాలని ఏడుస్తాండాది" అంది. ఆ పిల్ల తల్లి వెనకాల నిలబడి, కళ్లు మాత్రమే కనిపించేలా వోణీ మొహానికి కప్పుకుని ఉంది. మా అత్త అతుకు ఎలా వేసిందో నేను గీసి చూపిస్తుంటే, బాగా కనపడటానికి కాబోలు, వోణీ తీసేసి బల్ల మీదికి వంగింది. ఆ బుగ్గల మీద మచ్చలు నా మచ్చలకేమీ తీసిపోవు. తల్లి గబుక్కున వోణీ పట్టుకోబోతే, "ఉక్క పోస్తాండాదిలే మా" అని చెయ్యి తోసేసింది.

రాజధాని తరలిపోయింది, ఆఫీసర్ల భార్యలూ పోయారు, మా పత్రికా మూతపడింది. ఇప్పుడు ఆ అట్ట మీది పిల్లను చూస్తే నవ్వొస్తుంది. ఎవరి మీద తల్లీ నీకంత కోపం? ఊరంతా నీ మచ్చలే చూస్తోందనుకున్నావు. ఊరు రవిక చేతులు చూసుకుని పోయింది. అంత కష్టపడి తయారుచేసుకున్న నా జవాబుల్లో ఒక్కటీ ఖర్చు కాలేదు. అన్నీ ఇప్పటికీ నోటికొచ్చు, అడిగేవాళ్లే లేరు.